రైఫిల్ రెడీ, తూటాలే లేవు: .22-250 కేసుల్ని .250 యాక్లీగా మార్చుకోవడం

కస్టమ్ రైఫిల్ అనగానే అందరూ బ్యారెల్ గురించి, స్టాక్ గురించి, ట్రిగ్గర్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు, ఫోటోలు పెడతారు, బాగానే ఉంటుంది. కానీ ఆ రైఫిల్‌ని వైల్డ్‌క్యాట్ కాలిబర్‌లో చేయించుకున్నవాడికి అసలు పని గన్‌స్మిత్ చేతిలోంచి రైఫిల్ ఇంటికొచ్చాకే మొదలవుతుంది, ఎందుకంటే దానికి సరిపోయే తూటా ఏ షాపులోనూ ఉండదు. వైల్డ్‌క్యాట్ అంటేనే అది. అమెరికాలో శామీ, యూరప్‌లో సీఐపీ అని తూటాల కొలతలు ఖాయం చేసే సంస్థలున్నాయి, వాళ్ళ లిస్టులో లేకుండా ఎవరో ఒకరు ఉన్న కేసుని తీసుకుని మెడ పెద్దది చేసో చిన్నది చేసో, షోల్డర్ వెనక్కి నెట్టో ముందుకి జరిపో తయారుచేసుకున్న తూటా. ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) తొలిచే రీమర్ ఎవరో ఒకరు చేసిస్తారు, కేసుని నొక్కి రూపానికి తెచ్చే అచ్చులు, అంటే డైలు కూడా దొరుకుతాయి, ఇత్తడి మాత్రం మన చేత్తో మనమే చేసుకోవాలి.

ముందే ఒక మాట. మామూలుగా అందరం తూటానంతా బుల్లెట్ అనేస్తాం కానీ ఇక్కడ బుల్లెట్ అంటే ముందు ఎగిరిపోయే ముక్క మాత్రమే, కేసు అంటే పౌడర్ పట్టుకునే ఇత్తడి గొట్టం. ఆ గొట్టానికి కింద మందంగా ఉండేది హెడ్, పైన బుల్లెట్‌ని పట్టుకునే మెడ నెక్, రెండింటి మధ్య బాడీ, బాడీ నెక్‌గా సన్నబడే వాలు షోల్డర్. అంగుళంలో వెయ్యో వంతుని మెషిన్ షాపుల్లో థౌ అంటారు కదా, నేనూ అదే రాస్తా, ప్రతిసారీ సున్నాలు లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. ఇంకోటి, తూటాలు సొంతంగా లోడ్ చేసుకోవడానికి ఒక్కో చోట ఒక్కో చట్టం, కొన్ని చోట్ల లైసెన్సు లేకుండా ముట్టుకోకూడదు, అది చూసుకున్నాకే మిగతాది.

ఇక ఈ .250 యాక్లీ కాలిబర్ ఎందుకంటే, రైఫిల్ తేలిగ్గా ఉండాలి అన్నది మొదటి షరతు కాబట్టి. కొండలెక్కే వేటకి ఐదున్నర పౌన్ల రైఫిల్ భుజాన వేసుకుంటే ఉన్నట్టే తెలీదు, కానీ కాల్చినప్పుడు తెలుస్తుంది. అదే తూటాని సగం బరువున్న రైఫిల్లో కాలిస్తే వెనక్కి తన్నే ఎనర్జీ దాదాపు రెట్టింపవుతుంది, ఇది ఫిజిక్సు, స్టాక్ డిజైన్ ఎంత బాగున్నా తప్పించుకోలేం. తేలిక రైఫిల్లో పెద్ద మాగ్నమ్ పెట్టించుకుని ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్ళు మూసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒప్పుకోరు అంతే. చిన్న కేసు, షార్ట్ యాక్షన్ (తూటాని లోపలికి తోసి మూసి పేల్చే యంత్రాంగం పొట్టిది), పావు అంగుళం బుల్లెట్ (అసలు కొలత .257), అక్కడికి ఆగితే చిన్నాచితకా జింకలకి సరిపోను పవర్ ఉంటుంది, భుజం కూడా సుఖంగా ఉంటుంది.

.250 శావేజ్ అనే తూటా 1915 నాటిది, చార్లెస్ న్యూటన్ డిజైన్ చేసింది, శావేజ్ కంపెనీ తన మోడల్ 1899 లీవర్ యాక్షన్ రైఫిల్ కోసం అమ్మింది. 87 గ్రెయిన్ల (బుల్లెట్, పౌడర్ తూచే చిన్న కొలత) బుల్లెట్‌ని సెకనుకి 3,000 అడుగుల స్పీడుతో పంపిస్తుందని .250-3000 అని పేరు పెట్టారు, అప్పట్లో అది పెద్ద అడ్వర్టైజ్‌మెంటు. ఆ కేసు మెడనే తర్వాత నొక్కి .22 బుల్లెట్‌కి తగ్గించారు వైల్డ్‌క్యాట్ వాళ్ళు, అది ఎంత పాపులర్ అయిందంటే 1965లో రెమింగ్టన్ దాన్ని .22-250 రెమింగ్టన్ అని ఫ్యాక్టరీ తూటాగా తెచ్చేసింది. అంటే .250 కేసు తండ్రి, .22-250 కొడుకు. ఇప్పుడు పరిస్థితేంటంటే తండ్రి ఇత్తడి దొరకడమే కష్టం, కొడుకు ఇత్తడి మాత్రం మంచి మంచి కంపెనీలవి, లపువా లాంటి వాళ్ళది కూడా దొరుకుతుంది. రెండింటి పొడవూ ఒకటే, 1.912 అంగుళాలు, హెడ్ దగ్గర రిమ్ సైజు కూడా ఒకటే. కాబట్టి కొడుకుని మళ్ళీ తండ్రిగా మార్చడమే మన పని, పైగా ఇంకాస్త కండ పట్టించి.

ఆ కండ పట్టించడమే యాక్లీ ఇంప్రూవ్డ్. పార్కర్ ఒట్టో యాక్లీ అనే అమెరికన్ గన్‌స్మిత్ పాత తూటాల్లో చాలావాటికి ఒకటే వైద్యం చేసేవాడు: బాడీ వాలుని తగ్గించి దాదాపు నిటారు చెయ్యడం, షోల్డర్‌ని 40 డిగ్రీలకి నిలబెట్టడం. .250 శావేజ్‌కి షోల్డర్ కోణం 26న్నర డిగ్రీలు, .22-250కి 28, దాన్ని 40 చేస్తే లోపల చోటు పెరుగుతుంది, కాస్త ఎక్కువ పౌడర్ పడుతుంది. స్పీడు ఎంత పెరుగుతుందని అడిగితే నా లెక్కలో అది ఈ పని చెయ్యడానికి కారణమే కాదు. నెట్‌లో రాసుకునే పెద్ద పెద్ద స్పీడుల్లో చాలావరకు ప్రెజర్ పెంచడం వల్ల వచ్చినవే, ఆకారం వల్ల కాదు. .250 శావేజ్‌కి ఫ్యాక్టరీ ప్రెజర్ లిమిట్ 45,000 సీయూపీ (రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కొలిచే ప్రెజర్) దగ్గరే ఆపారు, పాత లీవర్ రైఫిళ్ళు తట్టుకోవాలి కదా అని. .22-250కి 65,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). ఈ రెండూ వేరు వేరు పద్ధతిలో కొలిచినవి కాబట్టి అంకెకి అంకె పెట్టి చూడకూడదు కానీ పాతదాన్ని మెత్తగా లోడ్ చేస్తున్నారన్నది మాత్రం నిజం. ఆధునిక బోల్ట్ యాక్షన్‌లో మామూలు .250 శావేజే బాగా పరిగెత్తుతుంది. మరి యాక్లీ ఎందుకంటే, నిటారు షోల్డర్ ఉన్న కేసు ప్రతిసారీ పొడవు పెరగదు, మాటిమాటికీ ట్రిమ్ చెయ్యక్కర్లేదు, కేసులు ఎక్కువ సార్లు వస్తాయి. ఒక్కసారి కష్టపడితే చాలాకాలం సుఖం.

ఆ ఒక్కసారి అన్నదే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. కేసు ఛాంబర్లో మొదటిసారి పేలినప్పుడు ఎక్కడ సాగిందో దాన్నిబట్టే దాని ఆయుష్షు, తర్వాత మనం ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఆ మొదటి దెబ్బలో పోయిన ఇత్తడి తిరిగి రాదు.

ఎలాగంటే, రిమ్‌లెస్ కేసు (రిమ్ బాడీ కంటే బయటికి పొడుచుకు రానిది) ఛాంబర్లో ముందుకి పోకుండా ఆపేది షోల్డరే. వెనక ఛాంబర్‌ని మూసే బోల్ట్ ముఖం, ముందు షోల్డర్, వీటి మధ్య దూరమే హెడ్‌స్పేస్. ఛాంబర్ కంటే మన కేసు షోల్డర్ వెనకగా ఉందనుకోండి, ఫైరింగ్ పిన్ కొట్టగానే కేసు ముందుకి జరిగిపోతుంది, హెడ్‌కీ బోల్ట్‌కీ మధ్య గాలి ఖాళీ. ఆ క్షణంలో పౌడర్ అంటుకుంటుంది, ప్రెజర్ పెరుగుతుంది, కేసు ముందు భాగం పల్చగా ఉంటుంది కాబట్టి అది ముందు ఉబ్బి ఛాంబర్ గోడని గట్టిగా పట్టేసుకుంటుంది. హెడ్ మందంగా ఉంటుంది, అది గోడని పట్టుకోదు, ప్రెజర్ దాన్ని వెనక్కి తోస్తుంది. ముందు భాగం కదలదు, వెనక భాగం కదలాలి, మరి ఆ తేడా ఎక్కడ్నుంచి వస్తుంది? హెడ్‌కి కొంచెం పైన, మందం తగ్గి గోడ పల్చబడే చోట ఇత్తడి సాగి వస్తుంది. అక్కడ లోపలివైపు ఉంగరంలా ఒక గాడి పడుతుంది. బయటికి ఏమీ కనపడకపోవచ్చు, లేకపోతే సన్నటి మెరిసే గీత కనిపిస్తుంది. ఇంకో రెండు మూడు సార్లు కాలిస్తే అక్కడే కేసు రెండు ముక్కలవుతుంది, వేడి గ్యాస్ యాక్షన్‌లోకి, మన మొహం మీదికి వస్తుంది. కంటికి అద్దాలు లేకుండా ఈ పని చెయ్యొద్దని అందుకే అంటారు.

కాబట్టి మొదటి కాల్పులో కేసు పక్కలకీ, షోల్డర్ దగ్గరా మాత్రమే ఉబ్బాలి, వెనక సాగకూడదు. మిగతా సరంజామా అంతా దీనికోసమే.

యాక్లీ మనిషి దీన్ని ఛాంబర్లోనే పరిష్కరించాడు. మామూలు ఛాంబర్ గో గేజ్ (ఛాంబర్ లోతు సరిపోయిందో చూసే కొలత ముక్క) కంటే 4 థౌ పొట్టిగా ఛాంబర్ తొలిస్తాడు, దాంతో ఫ్యాక్టరీ .250 శావేజ్ తూటాని పెట్టి బోల్ట్ మూస్తే నెక్, షోల్డర్ కలిసే అంచు దగ్గర తూటా కొంచెం నలిగినట్టు బిగుసుకుంటుంది, ఎటూ కదలదు. అంటే సరిగ్గా తొలిచిన ఛాంబరైతే ఫ్యాక్టరీ తూటా కొనుక్కుని కాల్చేస్తే చాలు, బయటికి వచ్చేసరికి యాక్లీ కేసు. ఇది అన్నిటికన్నా సులువైన దారి. కానీ ఇది గన్‌స్మిత్ గేజ్ ఎలా పెట్టాడన్నదాని మీద ఉంటుంది, కొందరు మామూలు గేజ్ పెట్టి ఛాంబర్ లోతుగా తొలిచేస్తారు, అప్పుడు ఫ్యాక్టరీ తూటా లోపల ఊగుతుంది. రైఫిల్ తీసుకునేటప్పుడే అడిగి చూపించుకోవాల్సిన విషయం ఇది.

మనం .22-250 నుంచి వస్తున్నాం కాబట్టి ఇంకో చిక్కుంది. దాని షోల్డర్ కోణం కొంచెం ఎక్కువ కదా, నెక్‌ని .257కి తెరిచాక నెక్, షోల్డర్ కలిసే అంచు అసలు .250 శావేజ్‌లో ఉండే చోటుకంటే కొన్ని థౌ వెనక పడొచ్చు. ఆ 4 థౌ బిగింపు అంతా అక్కడే ఖర్చైపోతుంది, ఇంకా ఖాళీ కూడా మిగలొచ్చు. అందుకే ఉత్తినే మెడ తెరిచి కాల్చేద్దాం అనేవాళ్ళ మాట నేను వినను, ఫాల్స్ షోల్డర్ పెట్టాల్సిందే.

ఫాల్స్ షోల్డర్ అంటే భయపడక్కర్లేదు. నెక్‌ని కావాల్సినదానికంటే పెద్దగా, 6.5 మిల్లీమీటర్ల సైజుకో .270 సైజుకో తెరుస్తాం. తర్వాత .250 యాక్లీ సైజింగ్ డైలోకి కొంచెం కొంచెం నెడుతూ నెక్ పైభాగాన్ని మాత్రం తిరిగి .257కి దించుతాం. కింద కొంత మెడ పెద్దదిగానే మిగిలిపోతుంది, చూస్తే మెడ మీద ఇంకో చిన్న మెట్టులా ఉంటుంది. ఆ మెట్టే ఛాంబర్ షోల్డర్‌కి వెళ్ళి ఆనుతుంది, కేసుని బోల్ట్‌కి నొక్కిపెడుతుంది.

చేతిలో ఇది ఎలా ఉంటుందో చెప్తా. ముందు కేసు నెక్ లోపల ల్యూబ్. బయట రాసి లోపల మర్చిపోతే మెడని తెరిచే ఎక్స్‌పాండర్ మెడలోంచి వచ్చేటప్పుడు కీచుమని అరుస్తుంది, ఆ అరుపు వినపడిందంటే మెడ సాగి షోల్డర్ వంకర పోతోందని అర్థం. పొడి గ్రాఫైట్ అయినా పర్లేదు, మైనం లాంటి ల్యూబ్‌ని పుల్లకి చుట్టిన దూదితో రాసినా పర్లేదు. .224 నుంచి ఒకేసారి పైకి పోకుండా మధ్యలో .243 దగ్గర ఒకసారి ఆగితే మెడ తిన్నగా వస్తుంది, టేపర్ ఉన్న మాండ్రెల్ (కొన సన్నగా ఉండే ఉక్కు కడ్డీ) అయితే ఇంకా మంచిది, గుండ్రటి ఎక్స్‌పాండర్ బాల్ అయితే మెడని ఎటు వీలైతే అటు లాగేస్తుంది. ప్రెస్ (కేసుని డైలోకి నెట్టే లీవర్ యంత్రం) హ్యాండిల్‌ని మెల్లగా, ఒకే వేగంతో కిందికి, పైకి వచ్చేముందు కేసుని సగం తిప్పి మళ్ళీ ఒకసారి. ఇత్తడి మెత్తగా ఉంటే వెన్నలా పోతుంది, గట్టిగా ఉంటే చేతికి తెలుస్తుంది.

తర్వాత సైజింగ్ డైని ప్రెస్‌లో చాలా పైకి పెట్టి మొదలుపెడతా. ఒక కేసు నెట్టి, ల్యూబ్ తుడిచి, ఫైరింగ్ పిన్ తీసేసిన బోల్ట్‌తో ఛాంబర్లో పెట్టి చూస్తా. పిన్ తీసెయ్యడం ఎందుకంటే స్ప్రింగు బలం చేతికి అడ్డం రాకుండా, కేసు ఇచ్చే ఒత్తిడి మాత్రమే తెలియాలని. మొదట హ్యాండిల్ అస్సలు దిగదు. డైని ఎనిమిదో వంతు తిప్పు దించి మళ్ళీ నెట్టి మళ్ళీ చూడాలి. ఒక చోట బోల్ట్ హ్యాండిల్ సగం వరకు ఊరికే దిగి, చివరి సగంలో బొటనవేలితో గట్టిగా నొక్కితే దిగుతుంది, అక్కడ ఆపెయ్యాలి. ఊరికే జారిపోయిందంటే దాటిపోయామన్నమాట, ఆ కేసుని మళ్ళీ తెరిచి మళ్ళీ మొదట్నుంచి. డై లాక్ రింగ్ బిగించేశాక మిగతా కేసులన్నీ వరసగా పోతాయి, కానీ నేను మాత్రం ప్రతి కేసునీ ఛాంబర్లో పెట్టి చూస్తా, ఒక్కో కేసు ఇత్తడి ఒక్కోలా వెనక్కి స్ప్రింగ్ అవుతుంది, మిషన్ మీద నమ్మకం ఉండొచ్చు గానీ బొటనవేలి మీద ఇంకా ఎక్కువ ఉండాలి.

ఇంకో దారి కూడా ఉంది, బుల్లెట్‌ని పొడుగ్గా సీట్ చేసి బ్యారెల్ గాళ్ళ అంచుకి గుచ్చుకునేలా పెడితే అదే కేసుని బోల్ట్‌కి నొక్కిపెడుతుంది. చాలామంది ఇదొక్కటే చేస్తారు. నాకు అది ఒక్కటే అంటే నచ్చదు, నెక్ పట్టు సరిగ్గా లేకపోతే బుల్లెట్ లోపలికి జారిపోతుంది, పైగా కాల్చకుండా బోల్ట్ తెరిస్తే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని కేసు మాత్రం బయటికి వచ్చి పౌడరంతా యాక్షన్‌లో ఒలికిపోయే అవకాశం ఉంది. అలా గుచ్చితే ప్రెజర్ కూడా పెరుగుతుంది, అది లెక్కలో పెట్టుకోవాలి.

మెడ మందం విషయంలో మనకి అదృష్టం. .308 కేసుని కోసి, నొక్కి .250 చేసేవాళ్ళూ ఉన్నారు, దాని హెడ్ సైజూ ఇదే కాబట్టి. కానీ అలా చేస్తే బాడీ గోడే కొత్త మెడ అవుతుంది, అది మందంగా ఉంటుంది, బయటవైపు చెక్కి (టర్న్ చేసి) పల్చబరచకపోతే లోడ్ చేసిన తూటా మెడ ఛాంబర్ మెడకి అంటుకుపోతుంది. అప్పుడు బుల్లెట్‌ని విడిచిపెట్టడానికి మెడకి తెరుచుకునే చోటే ఉండదు, ప్రెజర్ ఎక్కడికో పోతుంది, రైఫిళ్ళు పాడయ్యేది ఇలాంటి చోటే. మనం పైకి తెరుస్తున్నాం కాబట్టి మెడ పల్చబడుతుంది గానీ మందం కాదు. అయినా సరే డమ్మీ తూటా ఒకటి చేసి మెడని మైక్రోమీటర్‌తో కొలిచి, గన్‌స్మిత్ ఇచ్చిన రీమర్ డ్రాయింగ్‌లో ఛాంబర్ మెడ కొలతతో పోల్చి కనీసం 2, 3 థౌ ఖాళీ ఉందని చూసుకోకుండా ముందుకి పోకూడదు. రీమర్ డ్రాయింగ్ ఇవ్వనంటే ఆ గన్‌స్మిత్ దగ్గర చేయించుకోవద్దు, అంతే.

ఇక మెత్తబరచడం, అంటే అనీలింగ్. కేసు ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. దీన్ని నొక్కినా సాగదీసినా ప్రతిసారీ గట్టిపడుతుంది, గట్టిపడ్డాక ఇంకా లాగితే పగులుతుంది. మెడని రెండుసార్లు తెరిచి ఒకసారి దించాం కదా, ఇప్పుడు షోల్డర్ 40 డిగ్రీలకి తిరగాలి, గట్టిగా ఉంటే షోల్డర్ మూలల్లో చీలిపోతుంది. అందుకే కాల్చేముందు ఒకసారి మెడకీ షోల్డర్‌కీ మంట చూపించాలి. కొత్త కేసులు ఫ్యాక్టరీలోనే అనీల్ అయ్యి వస్తాయి, లపువా కేసుల మెడ మీద ఆ నీలం గోధుమ రంగు మచ్చ అలాగే ఉంచేస్తారు, మిగతావాళ్ళలో చాలామంది పాలిష్ చేసేస్తారు. అంచేత కొత్త కేసుకి మెడ తెరిచేముందు అక్కర్లేదు, పాతవైతే ముందొకసారి కూడా కావాలి.

ప్రొపేన్ టార్చ్ మంట లోపలి నీలం కొన మెడ, షోల్డర్ కలిసే చోట తగిలేలా పెట్టి, కేసుని డ్రిల్‌కి తగిలించిన సాకెట్‌లో తిప్పుతూ కొన్ని సెకన్లు. చీకటి గదిలో చేస్తే మెడ అంచు ఎరుపెక్కీ ఎక్కనట్టు అవుతుంది, అక్కడ తీసెయ్యాలి, ఎర్రగా మెరిసేదాకా ఉంచితే అతిగా మెత్తబడి బుల్లెట్‌ని పట్టుకునే పట్టే పోతుంది. కంటి మీద నమ్మకం లేకపోతే వేడికి రంగు మారే ద్రవాలు దొరుకుతాయి, దాదాపు 400 డిగ్రీల సెల్సియస్‌వి, మెడ లోపల రాసుకుంటే సరి. హెడ్‌కి మాత్రం వేడి పోకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ. హెడ్ మెత్తబడిన కేసు అంత ప్రెజర్‌ని ఆపలేదు, దాన్ని మళ్ళీ గట్టిపరిచే మార్గం మన దగ్గర లేదు, చెత్తలోకే. నీళ్ళలో పడెయ్యాలా వద్దా అని గొడవలు పడుతుంటారు, ఉక్కు అయితే వేడి మీద నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడికి ఆ గుణం లేదు, నీళ్ళు కేవలం వేడి కిందికి పాకకుండా ఆపడానికే. నేను ముంచను, తర్వాత ఆరబెట్టే పని ఎవడు చేస్తాడు.

ఇత్తడి ఒత్తిడిలో ఉంటే ఎలా పగులుతుందో తెలుసుకున్నది మన దగ్గర్నుంచేనని చాలామందికి తెలీదు. బ్రిటిష్ సైన్యం ఇండియాలో తూటాల్ని గుర్రపుశాలల్లో నిల్వ చేసేవాళ్ళు, వర్షాకాలం వచ్చేసరికి కాల్చకుండానే కేసులు పగిలిపోయేవి. ఋతువుతో పాటు వచ్చే పగుళ్ళు కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, కేసులో తయారీ నుంచి మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే అలా అవుతుందని 1921 నాటికి గానీ తేల్చలేకపోయారు. మందు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, వేడి చేసి ఒత్తిడి తీసెయ్యడం. మనకి ఇందులో పనికొచ్చేది ఏంటంటే, కేసులు మెరవాలని అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్ పెట్టకండి, మెరుపు కోసం ఆయుష్షు పోగొట్టుకోవడం అవుతుంది.

సరే, కాల్చడం. పౌడర్ పేర్లు, గ్రెయిన్ల లెక్కలు ఇక్కడ రాయను, నా బ్యారెల్‌లో సరిపోయింది మీ బ్యారెల్‌లో సరిపోతుందని ఎవరూ చెప్పలేరు. పబ్లిష్ అయిన .250 శావేజ్ డేటాలో మధ్యలో ఉండే లోడ్ నుంచి మొదలుపెట్టడం నా పద్ధతి. మొదటి కాల్పు కదా అని మరీ తగ్గించేస్తే రెండు నష్టాలు. ఒకటి, షోల్డర్ మూల పదునుగా రాదు, గుండ్రంగా మిగిలిపోతుంది, మళ్ళీ ఇంకోసారి కాల్చాలి. రెండోది ప్రమాదం, నిదానంగా కాలే పౌడర్లని పుస్తకంలో ఉన్న మినిమమ్ కంటే తగ్గించి వాడకూడదు, కేసు సగం ఖాళీగా ఉంటే ఒక్కోసారి ప్రెజర్ తగ్గడానికి బదులు అనూహ్యంగా పెరిగిపోతుంది.

కాల్చేముందు కేసు మీద ల్యూబ్ అంతా తుడిచెయ్యాలి, ఛాంబర్ కూడా పొడిగా ఉండాలి. ఎందుకంటే నిటారు గోడలున్న కేసు ఛాంబర్‌ని పట్టుకోవడం వల్ల బోల్ట్ మీద పడే ఒత్తిడి తగ్గుతుంది. యాక్లీ దీన్ని చూపించడానికి .30-30 ఇంప్రూవ్డ్ ఛాంబర్ తొలిచిన విన్‌చెస్టర్ 94 రైఫిల్లో లాకింగ్ లగ్ తీసేసి మరీ కాల్చాడు, మనం చెయ్యాల్సిన పని కాదు గానీ విషయం అర్థమవుతుంది. నూనె ఉంటే ఆ పట్టు పోతుంది, భారమంతా బోల్ట్ మీదే.

బుల్లెట్ లేకుండా చేసే పద్ధతులు కూడా ఉన్నాయి. కొంచెం వేగంగా కాలే పిస్టల్ పౌడర్ వేసి, మీద బొంబాయి రవ్వ లాంటిది నింపి, మైనంతో మూసి, బ్యారెల్ ఆకాశంవైపు పెట్టి కాలుస్తారు. బుల్లెట్ ఖర్చు మిగులుతుంది, బ్యారెల్ అరగదు. అది బాగా వచ్చేవాళ్ళకి బాగానే వస్తుంది, నేను చూసినంతలో షోల్డర్ సగమే తిరుగుతుంది, మళ్ళీ ఎలాగూ బుల్లెట్‌తో ఒకసారి కాల్చాలి, అందుకని ఆ గొడవలోకి పోను. నీళ్ళు నింపి పైనుంచి సుత్తితో కొట్టే హైడ్రాలిక్ డై కూడా అంతే, శబ్దం లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు, కేసు చాలావరకు రూపానికి వస్తుంది, మూలలు మాత్రం మొదటి అసలు తూటాకే పూర్తవుతాయి.

తేలిక రైఫిల్లో ఇంకో తంటా ఉంది, సన్నటి బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది. వంద కేసులు తయారు చెయ్యాలంటే బ్యారెల్ ఆయుష్షులోంచి వంద తూటాలు ఖర్చు పెట్టినట్టే, పైగా బ్యారెల్ మండిపోయేలా వరసపెట్టి కాలిస్తే గొంతు (ఛాంబర్ దాటగానే బుల్లెట్ గాళ్ళలోకి దిగే చోటు) దగ్గర కోత ఇంకా ఎక్కువ. మూడు కాల్చి చల్లారనివ్వడం, బోల్ట్ తెరిచిపెట్టి బ్యారెల్‌ని చేత్తో పట్టుకుని చూసి మళ్ళీ మూడు. దీన్ని వేస్ట్ అనుకోకుండా ప్రాక్టీస్ అనుకోవచ్చు, చిత్రమేంటంటే ఈ మొదటి కాల్పు తూటాలు చాలాసార్లు గ్రూపులు బాగానే పెడతాయి, బుల్లెట్ బ్యారెల్ మధ్యకి తిన్నగా కూర్చుంటుంది కాబట్టి కావచ్చు. వేటకి కూడా పనికొస్తాయి, వేటలో ఇదే తూటా వాడితే కేసు తయారవడం ఉచితం. బ్యారెల్ ట్విస్టు, అంటే లోపలి గాళ్ళు ఎంత పొడవులో ఒక చుట్టు తిరుగుతాయో చూసుకోండి, పాత శావేజ్ రైఫిళ్ళలో 14 అంగుళాలకి ఒక చుట్టు, 87 గ్రెయిన్లకి సరిపోయేది, 100 గ్రెయిన్లు దాటి పోవాలంటే 10 అంగుళాలది పెట్టించుకోవాలి.

బయటికి వచ్చిన కేసుని ఎలా చూడాలి. షోల్డర్ అంచులు కత్తితో కోసినట్టు పదునుగా ఉండాలి, ఫాల్స్ షోల్డర్ మెట్టు ఉన్న చోట సన్నటి నీడలాంటి గీత మిగులుతుంది, దానివల్ల నష్టం లేదు. మెడ మీద కొంచెం మసి ఉంటే పర్లేదు, షోల్డర్ దాటి బాడీ మీదికి మసి వస్తే ప్రెజర్ చాల్లేదని. ప్రైమర్ (హెడ్ మధ్యలో ఫైరింగ్ పిన్ కొట్టే చిన్న మూత) బయటికి పొడుచుకొచ్చి ఉంటే కేసు ముందుకి జరిగిందని అర్థం, ఆ రోజుకి ఆపేసి డై సెట్టింగ్ మళ్ళీ చూడాలి. తర్వాత పేపర్ క్లిప్‌ని తిన్నగా చేసి కొనని చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపలికి పెట్టి అడుగునుంచి గోడ వెంబడి మెల్లగా పైకి లాగాలి. నున్నగా వస్తే మంచి కేసు. హెడ్‌కి కొంచెం పైన కొక్కెం ఎక్కడైనా తట్టుకుంటే ఆ కేసుని ప్లయర్‌తో నొక్కేసి పారెయ్యాలి, డబ్బాలో పెడితే మళ్ళీ కలిసిపోతుంది. అనుమానం తీరాలంటే ఒక కేసుని నిలువుగా కోసి చూస్తే గోడ మందం కళ్ళకి కనిపిస్తుంది, ప్రతి కొత్త లాటులోంచి ఒకటి బలి ఇవ్వడం నాకు అలవాటు.

పొడవు విషయానికొస్తే, మెడ తెరిచినప్పుడు కొంత, బాడీ ఉబ్బినప్పుడు ఇంకొంత కేసు పొట్టిదవుతుంది. అందుకని ముందే ట్రిమ్ చెయ్యొద్దు, కాల్చాకే అన్నిటినీ కొలిచి, వాటిలో పొట్టి కేసుకి సమానం చేస్తే సరిపోతుంది.

హెడ్ మీద స్టాంపు ఇంకా .22-250 అనే ఉంటుంది, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఇంట్లో ఇంకో .22-250 రైఫిల్ ఉన్నా, మన తర్వాత ఈ డబ్బా ఇంకెవరి చేతికైనా పోయినా, ఆ స్టాంపు అబద్ధం చెప్తుంది. ప్రతి డబ్బా మీదా లోపలా పెద్దక్షరాలతో రాసిపెట్టండి, ఒకే బెంచి మీద రెండు కాలిబర్ల కేసులు ఒకేసారి పెట్టుకోకండి.

రెండోసారి లోడ్ చేసేటప్పుడు డైని షెల్ హోల్డర్‌కి (ప్రెస్‌లో కేసు హెడ్‌ని పట్టుకునే ముక్క) తగిలేదాకా దించి బిగించమని డై కాగితంలో ఉంటుంది, దాన్ని గుడ్డిగా పాటిస్తే ఇంత కష్టపడి ముందుకి తెచ్చిన షోల్డర్ మళ్ళీ వెనక్కి పోతుంది. కాల్చిన కేసు షోల్డర్ ఎక్కడుందో కంపేరేటర్ అనే కొలత పరికరంతో కొలుచుకుని, అక్కడ్నుంచి 1 లేదా 2 థౌ మాత్రమే వెనక్కి పోయేలా డైని ఆపుకోండి, వేట రైఫిల్ కాబట్టి 2 పెట్టుకుంటే చలిలో చేతొడుగులతో ఉన్నా బోల్ట్ హాయిగా మూసుకుంటుంది.